మేత లేని మేస్త్రి

తారకేశ్వరికి అనుమానం పుట్టుకతో వచ్చింది. కాచిన పాలైనా సరే వాసన చూడందే గ్లాసులో పొయ్యదు. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తుంది. ఇంట్లో దీన్ని చాదస్తం అన్నారు గానీ, ప్రయోగశాలలో ఇదే ఆవిడని డాక్టర్ తారకేశ్వరిని చేసింది. సూక్ష్మజీవులతో పనిచేసే మనిషి ఏ సీసానీ నమ్మకూడదు, కడుక్కున్న చేతుల్ని అసలే నమ్మకూడదు. అంతటి మనిషి కూడా ఆ ఉదయం సూక్ష్మదర్శిని కింద కనిపించినదాన్ని నమ్మడానికి కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

మేస్త్రి ఉండకూడని చోట ఉన్నాడు. పైగా నిక్షేపంగా బతికి ఉన్నాడు.

మేస్త్రి అంటే మనిషి కాదు, కంటికి ఆనని ఒక క్రిమి. అసలు పేరు పలకాలంటే నోరు తిరగదు కాబట్టి ప్రయోగశాలలో అందరూ అలా ముద్దుగా పిలుచుకునేవారు. నీళ్ళతో పాటు రాతి పగుళ్ళలోకి దూరుతాడు, అక్కడ సున్నం కక్కుతాడు, ఆ సున్నం గట్టిపడి రాయిని రాయికి అతికించేస్తుంది. తూర్పు కనుమల్లో ఆ వరస కొండలకి అలాంటి మేస్త్రి అవసరం చాలా ఉంది. అవి చూపుకి ఎంత గంభీరమో లోపల అంత డొల్ల. అడుగున నీలం చాయ ఉన్న నల్లరాయి ఇనుములా ఉంటుంది. దాని మీద పరుచుకున్న గోధుమరంగు ఖోండలైటు రాయి మాత్రం కోట్ల ఏళ్ళ వానలకి నాని నాని కుళ్ళింది. ఎర్రటి గార్నెట్ గింజలు పొదిగిన ఆ రాయిని చేత్తో నలిపితే రస్కుముక్కలా పొడైపోతుంది. ఏటా వర్షాలకి ఈ కుళ్ళిన పైపొర ఆ గట్టి అడుగు మీంచి జారి ఘాట్ రోడ్డు మీద పడేది. రెండేళ్ళ కిందట ఒక బస్సు మీద పడింది. ఆ తరవాతే గాలిబండ మలుపు దగ్గర ఈ కొండల కేంద్రం వెలిసింది.

పశువుకి వేసినట్టు మేస్త్రికి పలుపు కూడా తారకేశ్వరే వేసింది. బోరు గొట్టాల్లోంచి చెరుకు మడ్డితో కలిపి పంపే మేతలో ఒక దినుసు ప్రయోగశాలలో తప్ప ప్రకృతిలో ఎక్కడా దొరకదు. అది ఆపేస్తే వారం తిరక్కుండా మేస్త్రి చస్తాడు. కనుక మనం పొమ్మన్న చోటికి పోతాడు, చాలన్న చోట ఆగుతాడు. ఈ మాటే ఆవిడ ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది.

ఇప్పుడు బల్ల మీదున్న రాయి గాలిబండది కాదు. లోయకి అవతల మెట్టగుమ్మి అనే ఊరి ఊటది. ఆ కొండకి ఒక్క చుక్క మేత కూడా ఎప్పుడూ పంపలేదు.

రాయి తెచ్చిన మనిషి వరండాలో చుట్ట పట్టుకుని కూర్చుంది. గెమ్మెలి దేముడమ్మ మెట్టగుమ్మి వార్డు మెంబరు. పెద్ద ముక్కుపుడకలు రెండు, వాటికన్నా పదునైన చూపు.

"ఏటమ్మా, సూసీసినావా? మా ఊట ఎందుకు మూసుకుపోనాదో తేలినాదేటి?"

"ఇంకా చూడాలి దేముడమ్మా. తొందరపడి చెప్పేది కాదు."

"ముందొచ్చినోల్లూ ఇదే సెప్పినారు. రాల్లు సూసి ఎల్లిపోతాం అన్నారు. ఆల్లు సూసి ఎల్లినాక బాక్సైటు తవ్వుతామని ఇంకోల్లు ఒచ్చినారు. ఆల్లని ఎల్లగొట్టడానికి మా ఊరూరూ రోడ్డు మీద కూకున్నాది. ఇప్పుడు మీరు. నీల్లు నేకపోతే మేమే మూటా ముల్లే కట్టుకుని దిగిపోతాం గదా, కొండ ఖాలీ అయిపోద్ది. అదేనా మీ ఎత్తు?"

"అయ్యో, అదేం మాట! మా మందుకీ మీ ఊటకీ సంబంధమే లేదు. మధ్యలో ఇంత లోయ ఉంది కదా."

అంటూండగానే తారకేశ్వరికి తన మీద తనకే చిరాకేసింది. సంబంధం ఉందని సూక్ష్మదర్శిని ఇప్పుడే చెప్పింది. దేముడమ్మ చుట్ట ఆర్పి, మిగిలిన ముక్క జాగ్రత్తగా చెవి మీద పెట్టుకుని లేచింది. ఒక్క ముక్క కూడా నమ్మలేదని ఆ లేవడంలోనే తెలిసింది.

పలుపు ఎవరో విప్పారు. ఎవరు?

మేస్త్రిని దాచిన గది తాళాలు ముగ్గురి దగ్గరే ఉంటాయి. ఒకటి తన దగ్గర. రెండోది డైరెక్టర్ బలరామమూర్తి దగ్గర. వర్షాలు మొదలయ్యేలోగా కనుమల్లోని ఘాట్ రోడ్లన్నిటికీ మేస్త్రిని పంపిస్తానని ఆయన పైవాళ్ళకి మాటిచ్చి కూర్చున్నాడు. మేత బాదరబందీ లేని మేస్త్రి దొరికితే ఆయనకి పండగే. ముందు ఆయన మీదే పడింది అనుమానం. కానీ ఆయనకి కుర్చీలోంచి లేవడమే కష్టం, ఈ సీసాలు పట్టుకుని లోయలు దాటే రకం కాదు.

మూడో తాళం తన మొగుడి దగ్గర ఉంది.

సన్యాసిరావు పేరుకే సన్యాసి. తిండి మీదా, కబుర్ల మీదా, పెళ్ళాం మీదా సమానంగా మోజున్న శ్రీకాకుళం మనిషి. ఆ కేంద్రానికి భూగర్భ శాస్త్రవేత్త. కొండ ఎక్కడ కుళ్ళిందో, ఎక్కడ గట్టిగా ఉందో నడిచి చూసి పటం గీయడం ఆయన పని. సుత్తితో రాయి కొడతాడు, ముక్క ఏరతాడు, భూతద్దంతో చూస్తాడు, నాలిక్కి ఆనిస్తాడు, చెవి దగ్గర గోకి వింటాడు. పెళ్ళిచూపుల నాడు కూడా ఆవిడ పుట్టింటి పెరట్లో రుబ్బురోలు పట్టుకుని ఇది ఏ క్వారీదో చెప్పి అందరినీ నవ్వించాడు. అలాంటి మనిషి ఈ మధ్య మారిపోయాడు. నాటుకోడి కూర చేస్తే ముట్టలేదు, వేడి చేసిందంటూ చోడి అంబలి, అదే రాగి జావ, అడిగి తాగాడు. నవ్వడం మానేశాడు. మాటలు పెదాలు కదిలీ కదలకుండా వస్తున్నాయి. స్నానాల గదిలోకి వెళితే ఎంతకీ రాడు. పక్కమీద అటు తిరిగి పడుకుంటున్నాడు. నెలకి రెండుసార్లు విశాఖపట్నం హెడ్డాఫీసులో పనుందని బస్సెక్కుతున్నాడు.

తారకేశ్వరి హెడ్డాఫీసుకి వేరే పని మీద ఫోను చేసినట్టు చేసి, మాటల్లో మాటగా అడిగింది.

"సన్యాసిరావుగారాండీ?" అన్నాడు అవతలి గుమాస్తా. "ఆయన ఇటు వచ్చి చాలా కాలమైందండీ. బాగున్నారా?"

"బాగున్నారు" అని ఫోను పెట్టేసింది. మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి వెళ్తున్నాడని తెలిసినా అంత భయం వేసేది కాదేమో. ఆయన ఎవరికో మేస్త్రిని అమ్ముతున్నాడా? లేక ఎవరికోసమో కొండల్లో నాటుతున్నాడా?

ఆ వారమంతా ఆవిడ కొండల్లో తిరిగింది. ఎండిన గెడ్డ వాగుల్లోంచీ, కాఫీ తోటల అంచుల్లోంచీ, బండల నెర్రెల్లోంచీ రాళ్ళు ఏరి తెచ్చింది. మేస్త్రి దొరికిన చోటల్లా పటం మీద గుండుసూది గుచ్చింది. మేస్త్రి నీళ్ళతో వెళ్తాడు, నీళ్ళు పల్లానికి వెళ్తాయి. కనుక సూదులన్నీ వాగుల వెంట దిగాలి. అవి దిగలేదు, ఎక్కాయి. గుర్రపుమెడ అనే సన్నటి శిఖరపు అంచు మీద కూడా ఒక సూది పడింది. అక్కడ కురిసిన వాన అటో ఇటో జారాల్సిందే గానీ పైకి వచ్చే నీరంటూ లేదు. అక్కడికి మేస్త్రిని ఎవరో మోసుకెళ్ళారు.

ఆఫీసు గోడకి సన్యాసిరావు పటం వేలాడుతూ ఉంటుంది. తను నడిచిన దారులన్నీ ఎర్ర సిరాతో గీసుకున్నాడు. తారకేశ్వరి తన సూదుల పటాన్ని పారదర్శక కాగితం మీదకి ఎత్తి దాని మీద ఆనించింది. ఒక్క సూది కూడా ఎర్రగీత దాటి పక్కన పడలేదు.

కాసేపు అక్కడే కుర్చీలో కూలబడింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత తెలివిగా దాచినవాడు పటం గోడకి ఎందుకు తగిలించాడన్న ప్రశ్న ఆవిడకి అప్పుడు తట్టలేదు. అనుమానం పట్టినప్పుడు అన్నీ దానికే సాక్ష్యం చెప్తాయి.

మర్నాడు పొద్దున్నే సన్యాసిరావు సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. వెనకాలే కొంచెం ఎడంగా ఆవిడ. గుర్రపుమెడ ఎక్కడం ఆడుతూ పాడుతూ చేసే పని కాదు. మొదట సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోట, ఆ పైన ఇప్పచెట్లు, ఆ పైన అడ్డాకు తీగలు, ఆఖరికి పచ్చదనమంతా కిందే ఆగిపోయి వట్టి రాయి. రెండు పక్కలా లోయ. కాలి కింద రాయి గట్టిదో కుళ్ళుదో అడుగు వేసేదాకా తెలియదు. ఒకచోట ఆవిడ చెయ్యి ఆనించిన బండ ఊడి, దొర్లుకుంటూ కిందికి పోయింది. చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆయన వెనక్కి తిరుగుతాడేమోనని రాతికి అతుక్కుపోయింది. తిరగలేదు. కొండల్లో రాళ్ళు దొర్లడం ఆయనకి మామూలే.

అంచు మీద ఒక నెర్రె దగ్గర ఆయన ఆగాడు. అటూ ఇటూ చూశాడు. సంచీ దించాడు. తారకేశ్వరి బండ చాటున నక్కింది. ఇప్పుడు సీసా తీస్తాడు, మూత తిప్పుతాడు, నెర్రెలో పోస్తాడు. చూడగానే ఎదుటికి వెళ్ళి నిలదియ్యాలి.

ఆయన సుత్తి తీశాడు. రాయి కొట్టి ముక్క ఏరాడు. భూతద్దంతో చూశాడు. తరవాత నాలిక బయటపెట్టి దాన్ని నాకాడు, ఒకసారి, ఇంకోసారి, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టు. ఏదో రాసుకుని, ఉమ్మితో తడిసిన ఆ ముక్కని నెర్రెలోకి గిరాటేశాడు. రెండడుగులు జరిగి ఇంకో రాయి కొట్టాడు.

ఆ దృశ్యం ఆవిడ కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తూనే ఉంది. కుళ్ళిన ఖోండలైటు లోపల తెల్లటి బంకమన్ను తయారవుతుంది, అది తడి నాలిక్కి అంటుకుంటుంది. ఎంత అంటుకుంటే అంత కుళ్ళినట్టు. లక్షల యంత్రం చెప్పేది నా నాలిక చెప్తుందని ఆయన పదిమందిలో గొప్పలు పోయేవాడు. భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. రోజూ చూసే పని కాబట్టి అంత అనుమానపు మనిషికీ అది కంట పడలేదు.

బండ చాటునుంచి బయటికి వచ్చింది.

"నోరు తెరవండి."

సన్యాసిరావు చేతిలో సుత్తి జారింది. "తారకా! నువ్విక్కడికెలా ఒచ్చేవు?"

"మీ వెనకాలే వచ్చాను. నోరు తెరవండి ముందు."

ఆయన కాదనబోయాడు. ఆవిడ మొహం చూసి బండ మీద చతికిలబడ్డాడు. నోరు తెరిచాడు. రెండు వేళ్ళ మందం కన్నా దవడ తెరుచుకోలేదు. ఆ కాస్త సందులోంచే కనిపించింది. కింది పలువరసలో పళ్ళు విడివిడిగా లేవు. ఈ చివరనుంచి ఆ చివరదాకా తెల్లటి రాతి గట్టు ఒకటే ఉంది.

తారకేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కనే కూలబడింది.

"విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తన్నాను" అన్నాడు ఆయన, పెదాలు కదిలీ కదలకుండా. "చెక్కించుకొస్తాను. మళ్ళీ రెండు వారాలకి ఇలాగే. లాలాజలం గొట్టాల్లో రాళ్ళున్నాయన్నాడు. ఇప్పుడు మూత్రపిండాల్లోనట."

"ఎన్నాళ్ళనుంచి?"

"చలికాలంనుంచి."

"నాకెందుకు చెప్పలేదు? నేను చచ్చాననుకున్నారా?"

ఆయన జారిన సుత్తిని ఏరి సంచీలో వేసుకున్నాడు. "డాక్టరు చెక్కిన పెచ్చు చూడగానే తెలిసిపోనాది, ఇది మేస్త్రి పనేనని. మేత లేకుండా నా నోట్లో ఎలా బతికేడు? బతికేటట్టు ఎవరో మార్చి ఉండాల. మార్చడం నీకు తప్ప ఇంకెవరికి ఒచ్చు తారకా? బలరామమూర్తి అడిగుంటాడు, నువ్వు కాదనలేకపోయుంటావు అనుకున్నాను. నాకు తెలిసిపోనాదని తెలిస్తే నా మొహం ఎలా చూస్తావని…"

తారకేశ్వరికి నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "నేను మిమ్మల్ని దొంగనుకుని వెంటబడి వచ్చాను."

ఇద్దరూ ఆ అంచు మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఇన్ని నెలల తరవాత ఆవిడకి తన మొగుడు తనకి దక్కాడనిపించింది. అంత సంతోషం వేసిన క్షణంలోనే అంత భయమూ వేసింది.

ఎలా జరిగిందో ఊహించడం ఆవిడకి కష్టం కాలేదు. మేస్త్రి అతికించిన రాయి ఎంత గట్టిపడిందో చూడ్డానికి గాలిబండ బోర్లలోంచి తీసిన ముక్కల్ని ఆయన నాకేవాడు. చెరుకు మడ్డి అంటి తియ్యగా ఉండేవట. అలా మేస్త్రి ఆయన నోట్లో అడుగుపెట్టాడు. అక్కడ పళ్ళకి గార పట్టించే క్రిములు తాతల కాలంనుంచీ కాపురం ఉంటున్నాయి. ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్ళు పప్పూ ఉప్పూ ఇచ్చిపుచ్చుకున్నట్టు క్రిములు తమ లక్షణాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. ఉమ్మి మీద బతికే విద్య మేస్త్రి అక్కడ నేర్చుకున్నాడు. పలుపు అక్కడే తెగింది. తరవాత ఆయన నాలికనుంచి రాయికీ, రాయినుంచి నెర్రెకీ, నెర్రెనుంచి ఊటకీ చేరాడు. ఉమ్మి లేని చోట ఆకు కుళ్ళు మీదా, వేరు జిగురు మీదా బతకడం వాడికి ఇక ఏపాటి?

ప్రయోగశాలలో పరీక్ష అదే చెప్పింది. సన్యాసిరావు నోట్లో మేస్త్రీ, మెట్టగుమ్మి ఊట రాతిలో మేస్త్రీ ఒక్కడే. ఆవిడ రెండోసారి చేసింది, ఈసారి తన నోటి నమూనా కూడా పక్కన పెట్టి. అదే ఫలితం. తన నోట్లోనూ ఉన్నాడు, ఇంకా కొద్దిగానే. ఇద్దరూ ఒకే గ్లాసు వాడతారు మరి. మందులు వేసి చూసింది. మందు తగిలితే చస్తున్నాడు గానీ, తను కట్టుకున్న రాతి గూట్లో ఉన్నవాడికి మందు తగలడం లేదు.

అవే కాగితాలు పట్టుకుని బలరామమూర్తి గదికి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు. విని, కుర్చీలో ముందుకి వంగాడు.

"అంటే ఇప్పుడు మేత అక్కర్లేదన్నమాట."

"సర్, మీరు నేను చెప్పింది విన్నారా?"

"విన్నానమ్మా. రాయి నాకడం మీ ఆయన తప్పు, చేతులు కడుక్కోమంటే కడుక్కోని వాళ్ళుంటారు. దానికి మొత్తం పథకం ఆపేద్దామా? ఆ బస్సులో పోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పగలవా ఆ మాట?"

"ఊటలు మూసుకుపోతున్నాయి. ఆ నీళ్ళు తాగితే మనుషులకి అంటుతుంది. ఊరివాళ్ళకి ఇవాళే చెప్పాలి."

ఆయన గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే ఆవిడకి అనుమానం రావాల్సిన చోటు. "చెబుదాం. ఎవరు వద్దన్నారు? కానీ నువ్వు ఏదీ మూడోసారి చూడకుండా నమ్మవని మన కేంద్రంలో అటెండరుకి కూడా తెలుసు. నీ సీసాలే కలిసిపోయి ఉంటే? నీ భర్త నోటి నమూనా, ఊట నమూనా ఒకే బల్ల మీద పెట్టావు కదా? రేపు ఆ ఊరివాళ్ళు మీ ఆయన్ని చెట్టుకి కట్టేస్తే, తరవాత పొరపాటైందని చెప్తావా? ఇంకోసారి చెయ్యి. ఆ తరవాత నేనే వచ్చి చెప్తాను."

ఆ మాట ఆవిడకి సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. సీసాలు కలవలేదని ఆవిడకి తెలుసు. తెలిసినా, కలిసి ఉంటే ఎంత బావుండునన్న ఆశ ఒకటి మనసులో మూలుగుతూనే ఉంది. ఊరి ఊటని మూసినవాడు సన్యాసిరావు అని తన నోటితో చెప్పడం ఎలా? మూడోసారి చేస్తానంది. కొత్త బల్ల, కొత్త సీసాలు. క్రిమి ఎదగాలంటే రెండు రోజులు పడుతుంది.

ఆ రెండు రోజులూ బలరామమూర్తి ఊరికే కూర్చోలేదు. వర్షాల ముందు ఊళ్ళో గొడవ రాకూడదని, విడగొట్టి మోసుకెళ్ళే బోరు మిషన్ని మెట్టగుమ్మికి పంపించేశాడు. మూసుకుపోయిన ఊట పైన రాయి తొలిచి నీళ్ళు తెప్పించమన్నాడు. కేంద్రానికి మంచి పేరు వస్తుంది కదా అని ఆయన లెక్క. తారకేశ్వరికి ఈ సంగతి తెలియదు.

మూడో ఫలితం మొదటి రెండింటిలాగే వచ్చింది. ఆవిడ కాగితం కూడా తీసుకోలేదు. సన్యాసిరావుని వెంటబెట్టుకుని జీపులో లోయ దిగి, అవతలి వైపు రోడ్డు ఆగిపోయిన చోటనుంచి నడిచింది. సగం దారిలోనే డప్పు చప్పుడు వినిపించింది.

"పండగేటి ఇయ్యాల?" అన్నాడు సన్యాసిరావు. ఆయనకి ఆయాసం వస్తోంది.

పండగ కాదు. మెట్టగుమ్మి ఊట దగ్గర ఊరంతా ఉంది. మిషను తొలిచిన కన్నంలోంచి నీళ్ళు చెయ్యి మందాన దుముకుతున్నాయి. ఇన్నాళ్ళూ కొండ లోపల బిగబట్టి ఉన్న నీళ్ళు. ఆడవాళ్ళు బిందెలతో వరసగా నించున్నారు. ముసలివాళ్ళు కాళ్ళు తడుపుకుంటున్నారు. దేముడమ్మ తడిసిన చీరతో ఎదురొచ్చింది. ఆ మొహంలో మొదటిసారి నవ్వు ఉంది.

"ఒచ్చినావా అమ్మా! నిన్ను తప్పు పట్టినాను. మీవోల్లు మాట నిలబెట్టినారు."

"దేముడమ్మా, ఈ నీళ్ళు ఎవరూ తాగొద్దు. బిందెలు పారబోయించు."

నవ్వు పోయింది. డప్పు ఆగింది. "ఏటన్నావు?"

"తాగకూడదు. నా మాట విను."

"మొన్న మీ మందుకీ ఊటకీ సమ్మందం నేదన్నావు. ఇయ్యాల నీల్లు తాగొద్దంటన్నావు. ఏ మాట నమ్మాల మేం? నీల్లు మావి. మీ మిసను తెచ్చి తీసినంత మాత్రాన మీవయిపోతాయేటి?"

వెనకనుంచి ఎవరో అరిచారు, "ఇసం కలిపినారు! అందుకే వొద్దంటన్నాది!"

"విషం కాదు" అంది తారకేశ్వరి. ఇంతమంది అనుమానపు కళ్ళ ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. క్రిమి అంటే నమ్మరు, పటాలు చూపిస్తే నమ్మరు. నమ్మడానికి తను వాళ్ళకి కారణమేదీ మిగల్చలేదు. ఏం చెప్పినా ఇక నిజమే చెప్పాలి. "ఇది ఎంగిలి నీరు దేముడమ్మా. కొండ ఎంగిలి పడింది."

ఆ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ఊటకి నోరు ఆనించరు, ఆకుదొప్పతో ముంచుకుని తాగుతారు.

"ఎవలిది ఎంగిలి?" అని అడిగింది దేముడమ్మ, మెల్లగా.

తారకేశ్వరి నోరు తెరిచేలోపే సన్యాసిరావు ముందుకి నడిచాడు. "నాది" అన్నాడు. అని, తెరుచుకున్నంత మేర నోరు తెరిచి చూపించాడు. ఎండ పడి ఆ తెల్లటి గట్టు మెరిసింది. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కడుగు వెనక్కి వేశారు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. చెట్టుకీ కట్టలేదు. ఒకామె బిందె వంచేసింది. తరవాత పక్కనామె, ఆ పక్కనామె. నీళ్ళు వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి పల్లానికి పారాయి.

దేముడమ్మ మాత్రం బిందె వంచలేదు. దాన్ని కింద పెట్టి తారకేశ్వరి దగ్గరగా వచ్చింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసినాది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇందాకే, అనొచ్చు. "మూడు రోజులైంది" అంది తారకేశ్వరి. "నిజమో కాదోనని ఇంకోసారి చూశాను."

"నీల్లు నిన్న పొద్దున్న ఒచ్చినాయమ్మా. ఇన్ని నెలలకి ఒచ్చినాయని పిల్లలకే ముందు పోసినాం." దేముడమ్మ కోపంగా అనలేదు. కోపంగా అంటే బావుండేది. "మొన్న ఒచ్చుంటే సరిపోయుండును గదా."

సన్యాసిరావు తల వంచుకున్నాడు. తారకేశ్వరికి కాళ్ళ కింద రాయి కదిలినట్టయింది గానీ రాయి కదల్లేదు. అక్కడ రాళ్ళన్నీ ఇప్పుడు గట్టిగా అతుక్కుని ఉన్నాయి.

"పిల్లల్ని పిలిపించు" అంది చివరికి.

పిల్లలు వచ్చారు. డప్పు ఆగిపోయినందుకు వాళ్ళకి కోపంగా ఉంది. నోళ్ళు చూస్తారట అనగానే అదేదో ఆట అనుకుని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వరస కట్టారు. తారకేశ్వరి సంచీలోంచి దూది పుల్లలు తీసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన అనుమానం తప్పు కావాలని మొక్కుకుంది. అందరికన్నా ముందు నించున్నది దేముడమ్మ మనవరాలు, ఆరేళ్ళుంటాయేమో, జుట్టింకా తడిగా ఉంది.

"ఆ అను తల్లీ."

పిల్ల ఇకిలిస్తూ, గొంతులో కొండనాలిక దాకా కనపడేలా నోరు తెరిచింది. ముందు పళ్ళు రెండింటి మధ్యా చిన్న సందు ఉంది, ఇంకా పూడని సందు. తారకేశ్వరి దూది పుల్ల ఆ సందు దాకా తీసుకెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"నీల్లు తియ్యగున్నాయి" అంది పిల్ల.